జమ కింద

కోరంగి బస్టాపు ఎదురుగా నా రంగుల కొట్టు.
గల్లాపెట్టె వెనక గోడకి ఇరవై రెండేళ్ళు వేలాడింది
లోవరాజు వేసిన బొమ్మ.
బొమ్మంటే మరేం లేదు,
భైరవపాలెం దగ్గర ఏరు సముద్రంలో పడే చోటు.
ఎర్ర నీళ్ళు ఒక పక్క, నీలాలు ఒక పక్క,
మధ్యలో ఎటూ తేల్చుకోని గీత,
ఆ గీత మీద ఒక నావ.

నాలుగొందల ముప్పై రూపాయల ఎనామిలు బాకీకి
జమ కింద రాసుకొమ్మని ఇచ్చాడు.
పడవలకి పేర్లు రాసేవాడు, ముక్కున కళ్ళు దిద్దేవాడు,
"కన్ను లేకపోతే ఇంటికెలా వస్తాదిరా" అనేవాడు.
రాసుకున్నాను. సగమే రాసుకున్నాను.
మిగతా సగం ఇంకా ఖాతాలోనే ఉంది.

మొన్న వానలకి ముందు
మారిషస్ నించి పద్నాలుగు మంది దిగారు.
ఎప్పుడో ఇక్కడ ఓడెక్కినవాళ్ళ మునిమనవలు.
రేవేదని అడిగారు.
రేవెక్కడుందండీ, మడచెట్లు చూపించాను.
ఎండకి తాళలేక కొట్లోకొచ్చారు.
వాళ్ళలో సింహాద్రమ్మ అని ఒకావిడ,
వచ్చిన తెలుగు నాలుగు మాటలే,
అందులో ఒకటి కూడు, ఒకటి రామభజన.
సోడా సగంలో ఆపి బొమ్మ ముందు నిలబడింది.
ఎర్ర నీళ్ళ మీద వేలు పెట్టి, తీసి,
వేలు చూసుకుంది
తడి అంటిందేమోనని.

వాళ్ళ ఊళ్ళో మందిరం పక్కన హాలుందట.
పెళ్ళిళ్ళూ పిల్లల పాఠాలూ అందులోనేనట.
గోడకి గడియారం తప్ప మరేం లేదట.
అమ్ముతారా అన్నారు.
నాది కాని సగాన్ని ఎలా అమ్మను?

ఎదుర్లంక వంతెన దాటి గుత్తెనదీవి వెళ్ళాను.
షుగరు లోవరాజు కళ్ళు పట్టుకుపోయి ఆరేళ్ళు.
అరుగు మీద వల ఒళ్ళో వేసుకుని
తెగిన కన్నులు వేళ్ళతో వెతుకుతున్నాడు.
చెప్పాను. చాలాసేపు పలకలేదు.
"దాంట్లో తప్పుందిరా" అన్నాడు.
"నావకి చుక్కాని వెయ్యలేదు.
బాకీ బాకీ అని నువ్వు పీక్కుతింటే
పూర్తి కాకుండానే ఇచ్చేశాను."
ఇరవై రెండేళ్ళు దానికి వీపు పెట్టి కూచున్నాను.
నాకు తెలీదు.

"ఇచ్చెయ్. డబ్బు పుచ్చుకోకు.
ఎత్తున మాత్రం కట్టొద్దను,
పిల్లలకి చెయ్యి అందాలి."
కాస్సేపాగి,
"ఏటివైపు నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయా?"
బొమ్మలోనా బయటా అని అడగలేదు.
ఉన్నాయన్నాను.

కాగితంలో గళ్ళు.
గీసినవారు: మచ్చా లోవరాజు.
ఇచ్చినవారు: అక్కడా అదే పేరు రాశాను.
విలువ: కస్టమ్సుకి సున్నా పనికిరాదట,
నాలుగొందల ముప్పై వేశాను.
బొమ్మ పేరు? దానికి పేరెప్పుడు పెట్టాం?
ఫోను చేస్తే దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"బాకీ అని రాయరా."

మా ఆవిడ పాత నేత చీరలు రెండు చుట్టి,
పైన కొబ్బరిపీచు దట్టించి పంపాను.
నెలన్నరకి ఫొటో వచ్చింది.
ఎత్తుగానే కట్టారు. గడియారానికి పైన.
పైగా పెద్ద బంతిపూల దండ,
పోయినవాళ్ళకేసినట్టు.
లోవరాజుకి దండ సంగతి చెప్పాను,
"నాకా, నావకా?" అన్నాడు.
ఎత్తు సంగతి చెప్పలేదు.

గోడ మీద బొమ్మంత మేర
సున్నం ఇంకా కొత్తగా ఉంది.
దాని వెనక కాపురమున్న బల్లి
దీపాలు పెట్టే వేళకి వస్తుంది,
ఆ తెల్లటి చదరం చుట్టూ తిరిగి తిరిగి
సరిగ్గా నావ ఉన్న చోట ఆగుతుంది.