మూడు ఇటుకలు

మా ఊర్ల ఎవడు ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటరు.
నేనున్నది అజ్మాన్.
శుక్రారం పొద్దుగాల తిలకరత్న మంచం తట్టిండు:
"ఓడేల్, తెల్లంగి తొడుక్కో, గుడికి పోదాం."
ఓదెలు అనుడుకు ఆయన నోరు తిరగదు.
తెల్లంగి నాకెక్కడిది?
కింది మంచం ముస్తకీమ్ దగ్గర
రంజాన్ పండుగ కుర్తా అడుక్కున్న.

రెండు బస్సులు మారినం.
గోపురం యాడన్న అవుపడుతదా అని
అద్దంలకెళ్లి చూస్తనే ఉన్న.
ఒక సందు. ఒక విల్లా. గేటుకు పేరు లేదు,
కరెంటు మీటరు నంబరొక్కటి ఉన్నది.
గడప బయట చూస్తే తెలిసింది గుడి అని:
సేఫ్టీ బూట్లు, నర్సుల తెల్ల బూట్లు,
అరబ్బుల ఇండ్లల్ల పనిజేసే ఆడోళ్ల రబ్బరు చెప్పులు,
ఒకదానికి తీగెతోని కుట్టు.

లోపల సల్లగున్నది.
ఏసీ నీళ్లు బక్కెట్ల పట్టి
కుండీల రావి మొక్కకు పోస్తరట.
ఎండ తగులకుంట పచ్చ వల కట్టిన్రు.
ఏడు ఆకులు. లెక్కవెట్టిన.
బుద్ధుడు కండ్లు సగం మూసుకొని కూసున్నడు,
నైట్ డ్యూటీ దిగి అప్పుడే అచ్చినట్టు.

అందరు సదువుతున్నరు. నాకొక్క ముక్క తెల్వదు.
నడుమ "శరణం" అని ఇనవడంగనే
నా నోట్లకెళ్లి "అయ్యప్ప" అని ఎల్లింది.
పక్కనున్నామె నవ్వాపుకోలేక
తెల్ల చున్నీ నోటికడ్డం వెట్టుకున్నది.

గోడకు ఫోటో. వాళ్ల దేశంల స్తూపమట,
బోర్లేసిన గంజు లెక్క.
పక్కన ఇంకోటి, అదే స్తూపం, బాగుచెయ్యక ముందుది:
గడ్డి మొలిచిన దిబ్బ. మేకలు.

నా కాళ్లు ఆన్నే ఆగినయ్.

ధూళికట్ట దిక్కు వాగొడ్డుకు
గిసోంటి దిబ్బ మీదనే నేను మేకలు కాసిన.
మూరెడు ఇటుకలు. ఒక్కోటి పసిపోరని బరువు.
ఎవలియో, ఎప్పటియో, అడిగెటోడు లేడు.
మూడు మోసుకచ్చిన. అమ్మ పొయ్యి వెట్టింది.
గ్యాసు అచ్చేదాక మా ఇంట్ల అన్నం
వాటి మీదనే ఉడికింది.

భంతేలు తిన్నంక మాకు వడ్డించిన్రు,
తెల్లన్నం, పప్పు, కొబ్బరి కారం.
ముద్ద దిగుతలేదు.
తిలకరత్నకు హిందీల చెప్పిన.
ఆయన సింహళంల చెప్పిండు.
ముసలి భంతే చెవి దగ్గర చెయ్యి వెట్టుకొని ఇన్నడు.
ఇటుక ఎంతుండెనో చేతులు చాపి చూపెట్టిన.
ఆయన చానసేపు ఏమనలే.
ఆఖరికి ఏందో అడిగిండు.
సింహళంకెళ్లి హిందీలకు, హిందీలకెళ్లి నా దాక
అచ్చేసరికి అది గింతే మిగిలింది:
"అన్నం మంచిగ ఉడికేదా?"

ఉడికేదన్న.
వానకాలం కట్టెలు తడిసి పొగ మస్తు అచ్చేది గని,
ఉడికేది.
అయితే తినరాదు అన్నట్టు
నా పళ్లెం దిక్కు చూసిండు.

తిరిగచ్చేటప్పుడు బస్సుల తిలకరత్న గుర్రువెట్టిండు.
కుర్తా మీద పప్పు మరక.
ముస్తకీమ్ ఊకుంటడా.

శనారం. సైటు. పదకొండో అంతస్తు.
బ్లాకు రెండు చేతుల్ల వట్టుకొని నిలవడ్డ,
బరువు తూస్తున్నట్టు.
ఫోర్మన్ కిందికెళ్లి ఒర్రుతుండు.
ఎన్ని వందలేండ్లకో ఇదిగూడ దిబ్బయితది.
ఈడ గడ్డి మొలువది, ఇసుకే.
ఒంటెలు కాసే పోరడెవడో
ఇటు ఆటాడుకుంట అస్తడు.

ఆ ఒక్కదాని కింద
సిమెంటు జర పలుచగ వెట్టిన,
ఊడదీసుకునెటోనికి
కష్టం గావొద్దని.