లోపలి ప్యాడ్

థండర్ బేలో ఇంకా మంచు పడలేదు,
గాలిలో దాని వాసన మాత్రం వచ్చేసింది.
మోకాళ్ళ కింద పాత డోర్‌మ్యాట్ వేసుకుని
రెండు డాలర్ల నాణేన్ని టైరు గాడిలో నిలబెట్టాను.
నాణెం మీది తెల్ల ఎలుగుబంటి
మూడు టైర్లలో ఒడ్డునే నిలబడింది.
ఆగస్టులో మేకు దిగితే మార్చిన నాలుగోదాంట్లో
పాదాల దాకా మునిగింది.
చక్రం ఊచల సందులోంచి టార్చి వేసి
బ్రేకు ప్యాడు మందం చూశాను.
ఆరు మిల్లీమీటర్లు. కంటికొలతే,
కానీ ఇవి స్కూలు బస్సు నడిపిన కళ్ళు.

ముప్పై ఒక్క చలికాలాలు
తెల్లవారుజాము ఐదింటికి
బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ.
కర్రసుత్తితో ఒక్కో టైరునీ తట్టి వినేదాన్ని.
మంచి టైరు ఖంగున బదులిస్తుంది.
గాలి దిగింది మాత్రం
నిద్రలో కదిపిన మనిషిలా
ఊఁ అంటుంది, అంతే.
ఫారం మీద సంతకం నాది.
వెనక సీట్లలో నలభై రెండు లంచ్ డబ్బాలు.

డీలర్‌షిప్‌లో కాఫీ ఊరికే ఇస్తారు.
బ్రేడెన్ అనే కుర్రాడు రంగుల కాగితం తెచ్చి
చెడ్డ కబురు చెప్పే డాక్టరులా
నా పక్కన కూర్చున్నాడు.
"మిసెస్ కెట్టునెన్, ముందు బ్రేకులు ఎరుపు. రెండు మిల్లీమీటర్లే.
టైర్లు పసుపు. నాలుగూ ఒకటే అరుగుదల."

నాలుగూ ఒకటేనా?
నవ్వొచ్చింది.
ఒక్క అబద్ధం దొరికితే చాలు,
మిగతా కాగితమంతా అబద్ధమే అనుకోవడం
ఎంత సుఖమో.
"చూపించు నాయనా," అన్నాను.
"కస్టమర్లు లోపలికి రాకూడదండీ, ఇన్సూరెన్సు..."
"అయితే కారు దించెయ్యండి."

కాసేపటికి గ్రీజు చేతులతో ఒడెట్ వచ్చింది.
ముప్పై ఉంటాయేమో. తలకి నీలం గుడ్డ.
నాకు రక్షణ కళ్ళద్దాలిచ్చి లోపలికి నడిపించింది.
చక్రాలు ఊడదీసిన నా కారు గాల్లో,
పళ్ళసెట్టు తీసిన ముసలిదానిలా సిగ్గుపడుతోంది.

బయటి ప్యాడు చూపించింది. ఆరు.
నేను ఛాతీ విరిచాను.
"ఇప్పుడు ఇటు," అని
క్యాలిపర్ వెనక నుంచి రెండోది లాగి
నా అరచేతిలో పెట్టింది.
గోరంత మందం. ఒక మూల ఇనుమే మెరుస్తోంది.
జారాల్సిన పిన్ను తుప్పుపట్టి బిగుసుకుందట,
బరువంతా ఇదొక్కటే మోసిందట,
ఏ ఊచల సందులోంచి చూసినా కనపడని చోట.
పైన పటారం.
టార్చి వేసింది నేనే.

ఎన్నాళ్ళుగానో ఆ ఇనుముతోనే
రెడ్ రివర్ రోడ్డు వాలు దిగుతున్నాను,
వారానికి మూడుసార్లు,
పక్క సీట్లో డయాలసిస్‌కి వెళ్ళే ఐనోతో.
నా కళ్ళ మీద నమ్మకంతో
ఆమె దారంతా కునుకు తీస్తుంది.

"మరి టైర్లు?" అన్నాను, గొంతు తగ్గించి.
ఒడెట్ చేతులు తుడుచుకుంది.
తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది.
"ఒక్కటే కొలిచాను. ఇవాళ పదకొండు కార్లు.
మిగతా మూడూ దాన్ని చూసి రాసేశాను."
అది విన్నాకే
ఆ రెండు మిల్లీమీటర్లు నాకు పూర్తిగా నమ్మబుద్ధయింది.
ఎందుకో అడగకండి.

జేబులోంచి నాణెం తీసిచ్చాను.
ఆమె నాలుగో టైరు దగ్గర వంగి
ఎలుగుబంటి పాదాలు మునగడం చూసి
కాగితం మీద పసుపు కొట్టేసి
పచ్చ దిద్దింది.
నాణెం తిరిగివ్వడం మర్చిపోయింది.
నేనూ అడగలేదు.
బిల్లు చూసి రెండుసార్లు గుటకలు మింగాను, కట్టాను.

మొదటి స్టాప్ గుర్తు దగ్గర
అవసరం లేకపోయినా గట్టిగా తొక్కాను. ఆగింది.
వెనకవాడు హారన్ కొట్టాడు, కొట్టనీ.

ఐనో ఒకప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసింది.
పుల్లకి అతికించిన ఆ చిన్న గుండ్రటి అద్దం
ఎక్కడ దొరుకుతుందో
గురువారం అడగాలి.