నాలుగు మైక్రాన్లు

పెరంబూర్ రైలు కార్ఖానా సైరన్ మోగే వేళకు
నేను మైక్రోటోమ్ ముందు కూర్చుంటాను.
మైనపు దిమ్మెలో ఒక అండాశయం.
ఎవరిదో తెలియదు. ముప్పై ఒకటో ఏడు, ఎడమ వైపు,
చీటీ మీద అంతే రాశారు. కింద నంబరు.

చక్రం తిప్పితే రిబ్బనులా జారుతుంది,
నాలుగు మైక్రాన్ల మందాన.
మా అమ్మ తిరువొత్తియూరులో అప్పడాలు ఒత్తేది,
కింద పెట్టిన వేలు పైకి కనపడేంత పల్చగా.
నా చెయ్యి అక్కడిదే.
గోరువెచ్చని నీళ్ళలో పొర ముడతలు విప్పుకుంటుంది.
ఊపిరి బిగబట్టి గాజుపలక మీదికి ఎత్తుకోవాలి.
ఫ్యాను ఆపాలి, మే నెలైనా సరే.

ఇవాళ వేసేది డాక్టర్ ఆండాళ్ గారు తెప్పించిన రంగు.
నరం ఉన్నచోట గోధుమరంగు గీత పడుతుంది.
మిగతాదంతా నీలం.

అండాశయానికి నరాలుంటాయని
ఇక్కడ చేరేదాకా నాకు తెలియదు.
గుడ్లబుట్ట అనుకునేదాన్ని,
నెలకొకటి తీసి మూత పెట్టేసే బుట్ట.
డాక్టర్ గారే చెప్పారు, పెరుగన్నం డబ్బా మూతతో కుస్తీ పడుతూ:
అది ఊరకే కూర్చోదమ్మా, పిలుస్తుంది.
ఒక ప్రోటీన్ చేసి వదుల్తుంది,
దాని జాడ పట్టుకుని నరం కొస పాకి వస్తుంది
చిక్కుడు తీగ గుంజను తడుముకున్నట్టు.
పసి గుడ్లు కళ్ళు తెరిచి ఎదగడానికీ అదే కావాలి.
గుడ్డు బయటపడే కొన్ని గంటల ముందు
ఆ పిలుపు పొంగుతుంది,
సంచి గోడ పట్టు సడలి
పగులుతుంది.

"మరి ఎక్కువైతే?" అన్నాను.

ఆమె చెంచాతో కిటికీ చూపించారు.
మా సందు మొదట్లో కరెంటు స్తంభం.
ఒకప్పుడు రెండే తీగలు. తర్వాత కేబుల్ టీవీ, ఫోను, ఇంటర్నెట్టు.
పాతవి తీసినవాడు లేడు, కొత్తవాడు పైనే చుట్టి పోయాడు.
ఇప్పుడు దానిమీద కాకి వాలదు.
ఐప్పసి వానల్లో రవ్వలు రాలతాయి,
ఏ తీగ ఎవరింటిదో
తీగలు వేసినవాడికే తెలియదు.

కొందరిలో, అన్నారామె, పిలుపు ఆగక
గుడ్లు పగలకుండా సంచుల్లోనే నిలబడిపోతాయని అనుమానం.
ఇంకొందరిలో పాత నెత్తురు గూడు కట్టి,
ఆ గూటి గోడల్లోకి నొప్పిని మోసే నరాలు.
ఇంకా అంతా తేలలేదు. అందుకే లెక్కపెట్టమంటున్నాను.

లెక్కపెట్టాను.
ఈ దిమ్మెలో ఒక గడికి పదిహేడు గీతలు.
పోల్చడానికి పెట్టిన దాంట్లో ఐదు.
మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేడే.

సాయంత్రం నాలుగున్నరకు కౌంటర్లో సెల్వి లేదు,
టీ తాగను పోయింది. నేను వెళ్ళి కూర్చున్నాను.
ఒకామె రసీదు తోసింది.
ఆ నంబరు నాకు కంఠతా వచ్చు.

కవరులో ఉన్నది నేను చదివిందే:
పాత రక్తపు తిత్తి. క్యాన్సర్ జాడ లేదు.
గీతల లెక్క అందులో ఉండదు,
అది డాక్టర్ గారి నోటుపుస్తకంలోకి పోతుంది.

ఆమె కవరు తెరవలేదు. భుజాన ఆఫీసు బ్యాగు,
ఒక చెయ్యి అలవాటుగా పొత్తికడుపు మీద.
"ఏదావదు ఇరుక్కా?" అనడిగింది.
ఏమీ ఉండకూడదని అడిగేవాళ్ళను రోజూ చూస్తాను.
ఈమె గొంతు అలా లేదు.
ఎన్ని స్కానులు ఏమీ లేదన్నాయో,
ఎన్నిసార్లు ఇంట్లో, "అందరికీ వచ్చేదే కదా" అన్నారో,
సెలవు చీటీలో కడుపునొప్పికి బదులు
జ్వరమని ఎన్నేళ్ళు రాసిందో.

డాక్టర్ చెప్తారు అనాలి. నియమం అది.
గాజు అద్దం చిల్లుల్లోంచి
ఆమెకు మాత్రమే వినపడేట్టు
"ఇరుక్కు" అన్నాను.

కాసేపు నన్నే చూసింది.
తర్వాత చిల్లర లేదన్నట్టు బ్యాగులో ఏదో వెతికింది,
కట్టాల్సింది ఏమీ లేకపోయినా.