పు.

ఆస్పత్రిలో కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద
వీడి పేరు "హైమ బాబు".
పందొమ్మిదో రోజుకి అదీ వదులై ఊడిపోయింది.
అయనావరంలో ఇప్పుడు పేరులేని మనిషి ఒకడు
చీర ఉయ్యాల్లో గాలిని తన్నుతున్నాడు.

అశ్విని రెండో పాదం, చే అక్షరం రావాలంది అత్తయ్య.
చేతన్ అని పెట్టెయ్యండి, ఫోన్లో ఆడపడుచు.
చేతన్ అంటే అందరికీ ఇష్టమే,
ఎవరి గొంతులోనూ ముల్లై గుచ్చుకోదు.
కార్పొరేషన్ ఫారంలో గడి ఇంకా ఖాళీ.

నా నాలిక కింద ఒక పేరుంది,
వక్కపలుకులా దాచుకుని తిరుగుతున్నాను.
స్నానాల గదిలో కుళాయి విప్పి
నీళ్ళ చప్పుడులో ఒక్కసారి పైకి అన్నాను:
పుల్లయ్య.

గడియ వేసే ఉన్నా
అందరూ లోపలికొచ్చేశారు.
"వేమవరం ఎప్పుడెళ్ళొచ్చాడూ?" అంటాడు మా ఆయన బాబాయి,
ఆ ఒక్క సామెత కోసమే పుట్టినట్టు పొట్ట పట్టుకుని.
"పాత చింతకాయ పచ్చడి, పేరులోనే పులుపు," ఆడపడుచు.
బళ్ళో టీచరు హాజరు పిలుస్తుంది.
తమిళంలో పుల్ అంటే గడ్డి కదా,
వెనక బెంచీలో ఒకడు అంబా అంటాడు.
ఆ నవ్వు రావడానికి ఇంకా పదేళ్ళుంది.
నేనిప్పుడే తల దించుకున్నాను.

మా నాన్న పాత్రల కొట్లో పేర్లు చెక్కేవాడు.
బిందె ఒళ్ళో పెట్టుకుని, మెషీను సూదితో
టకటకటక, చుక్క పక్కన చుక్క.
తమిళం, తెలుగు, ఒక్కోసారి సేట్ల హిందీ,
ఏ భాషైనా ఆయనకి చుక్కలే.
అక్షరానికి అర్ధరూపాయి.
పొడుగు పేర్లవాళ్ళు బేరమాడితే
"మీనాక్షిసుందరానికి తగ్గిస్తే మణికి నేనేం చెప్పను?" అనేవాడు.
ఈ వీధిలో సగం గ్లాసుల మీద ఆయన చేతిరాతే.
ఆయన పేరు మాత్రం కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు,
అక్కడా ఒక ల తక్కువ.

మా ఆయనతో చెప్పబోయాను రాత్రి.
"సరే, నీ ఇష్టం" అంటాడేమోనని భయమేసింది.
వద్దంటే పోట్లాడొచ్చు.
సరేనంటే ఇక నేనే మొయ్యాలి,
రేపు వీడు పెద్దయి ఎందుకమ్మా అంటే
వేలు చూపించడానికి ఇంకెవరూ ఉండరు.

పొద్దున కనగవల్లి అక్క మురుక్కుల డబ్బాతో వచ్చింది.
చెప్పులు విప్పుతూనే, గుమ్మంలోంచి,
"పుళ్ళ తూంగుదా?"
నా చేతిలో తడిగుడ్డ జారింది.
ఎవరు చెప్పారు ఈవిడకి?
పిల్లాడు పడుకున్నాడా అంటోంది, అంతే.
ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో వింటున్న మాటే
ఇవాళ వేరే వైపు నుంచి తగిలింది.
కింది వాటా ముసలాయన, పాలబ్బాయి, ఇంజెక్షన్ నర్సు,
ల కాస్త నొక్కి పలుకుతారేమో గానీ
వీణ్ణి సగం పేరుతో పిలుస్తూనే ఉన్నారు.
ఎవరూ నవ్వలేదు.

రేపు బారసాల.
బియ్యం పోసే పళ్ళెం తోముతుంటే
అంచున వేలికి గరుకు తగిలింది.
నేను పుట్టిన వారం నాన్న తెచ్చిన పళ్ళెం.
ఈ ఊళ్ళో ఇంటిపేరు కాదు, తండ్రి అక్షరమే ముందు.
అది చెక్కి ఆగాడట,
నా పేరు ఇంట్లో ఇంకా తేలలేదని.
తర్వాత మర్చిపోయాడో, బద్ధకించాడో.

పు, ఒక చుక్క.
ఆ పక్కన ఖాళీ స్టీలు,
అందులో వంకరగా నా మొహం.