సవరణ పట్టిక

హన్మకొండ చౌరస్తాల జెరాక్సు దుకాణం మీద గది.
ఫ్యాను తిరిగితే కాగితాలు లేస్తయ్,
ఆపితే నేను లేస్త.

‘ఏడు బురుజుల రాజ్యం’ ఆరో సంపుటం ప్రూఫులు.
రాసినాయన ఓదేలు, ఆర్టీసీ కండక్టరు.
టికెట్లు కొట్టుడు అయినంక ములుగు బస్సుల కూసోని రాస్తడు.
అక్షరం ఎక్కడ వంకర పోయిందో
అక్కడ రోడ్డు మీద గుంత.

నా దగ్గర ఒక నోటుబుక్కు.
రాకుమారి గుర్రం ఒకటో సంపుటంల నల్లది,
మూడోదాంట్ల బొల్లి,
ఈసారి రంగే లేదు, వట్టి సకిలింపు.
సేనాని కత్తిగాటు ఎడమ చెంప మీద పుట్టి
ముక్కు దాటి కుడి చెంపకు కాపురమొచ్చింది.
పదకొండు రోజుల్ల రెండు పున్నములు.
తూర్పుకు పారే ఏరు యుద్ధం నాడు పడమటికి మళ్లింది,
శత్రువులు అటు దిక్కున్నరని.

అన్నీ దిద్దిన. గుర్రానికి నలుపు పూసిన.
ఒక పున్నమిని చవితి చేసిన.

పోశాలు మిగిలిండు.
రెండో సంపుటం, నూట నలభైరెండో పేజీల
బాణం తగిలి సచ్చిన పడవోడు.
ఒడ్డు మీద కాల్చిన్రు కూడ.
ఐదోదాంట్ల తెడ్డు పట్టుకొని నిలబడి
“ఎక్కుండ్రి, నీళ్లు తగ్గినయ్” అంటడు.
ఒక్కడు ఉలిక్కిపడడు.

అడిగిన. ఓదేలు చాయ్ సాసర్ల ఒంపుకున్నడు.
“సారంగం ఎరుకేనా, మా బండి డ్రైవరు?
పోశాలంటే వాడే.
సంపినంక రెండు నెలలు మాట లేదు.
ఒకనాడు గట్టమ్మ కాడ బండి ఆపి
జనం కొబ్బరికాయలు కొడుతుంటే అడిగిండు:
నేను నీకేం జేసిన్నని సంపినవ్ రా?
ఏం జెప్పాలె?
కథకు ఒక సావు కావాలె, దగ్గర కూసున్నోడే దొరికిండు.
అందుకే లేపిన. మంత్రం గింత్రం పెట్టలే,
పెడితే వాడు నమ్మడు.”

మరి ఈ సంపుటంల ఏం చేద్దాం అన్న.
పోయిన జేష్ఠంల సారంగం డ్యూటీ దిగి
బూట్లు విప్పుకుంట
అన్నడు, ఆపిండు.
చాయ్ మీద మీగడ కట్టింది.

ఆరో సంపుటంల పడవ పదకొండు మాట్ల ఏరు దాటుతది.
కథకు మూడు చాలు.
లెక్క పెట్టిన, ఏదీ కొట్టెయ్యలే.

పరకాల నుంచి ఒక చదువరి ప్రతి సంపుటానికి కార్డు రాస్తడు:
“సచ్చినోడు పడవ నడుపుతుంటే
ప్రూఫులు చూసేటోళ్లు నిద్రపోయిన్రా?”
అవునని జవాబు రాసిన.

రాత్రి సవరణ పట్టిక టైపు చేస్తున్న.
గుర్రం, గాటు, పున్నమి, ఏరు.
కర్సరు కొంచెం సేపు మినుకుమినుకుమన్నది.

రెండో సంపుటం, పేజీ 142, కింది నుంచి ఆరో పంక్తి:
‘బాణం తగిలింది’ అన్న చోట
‘తగలలేదు’ అని చదువుకోగలరు.

మరి ఒడ్డు మీద కాల్చింది ఎవరిని?
పరకాలాయన మళ్ల కార్డు రాస్తడు.