చేతి చుట్టు పదకొండు

హెప్సీబా టీచరు మట్టిముద్దను బల్ల మీద బాది
అప్పడాల కర్ర నా చేతికిచ్చింది.
అటూ ఇటూ రెండు చెక్కపట్టీలు.
కర్ర వాటి మీదే దొర్లాలి,
అప్పుడే పలకంతా ఒక్క మందం.
నవ్వుకున్నాను.
ముప్పైయొక్క ఏళ్ళు లాలాపేట సందులో
జాకెట్లు కుట్టినదాన్ని,
పరవడం నాకు నేర్పుతావా పిల్లా.

సూదిలోకి దారం ఎక్కడం మానేశాక
వేళ్ళకి వేరే పనేదైనా పెట్టుకోమన్నాడు కంటి డాక్టరు.
ఇదిగో, పెట్టుకున్నా.
సారె లేదిక్కడ, తిప్పేది లేదు.
పలక పరిచి, కాగితం ముక్క పెట్టి,
గీసి, కోసి, చుట్టి
అంచుకి అంచు కలపడం.
అంటే కుట్టే గదా.

కుట్టు కాదండీ, అతుకు, అంటుంది హెప్సీబా.
రెండంచుల్నీ ఫోర్కుతో గీరి
చిక్కటి మజ్జిగలాంటి మట్టి పూసి
అప్పుడు అదమాలి.
గీరందే అంటుకోదు.
నున్నటి అంచులు రెండూ
ఎంత అదిమినా ఆరాక ఎవరి దారి వాళ్ళదే.
ఈ మాటకి మా ఆయన గుర్తొచ్చాడు.
ఇంతకంటే రాయను.

మే నెల గుంటూరు.
తడిగుడ్డ కప్పకపోతే
అన్నం తినొచ్చేలోగా పలక అప్పడమే.
పైగా మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగింది.
తుమ్మాను. కత్తి పక్కకి పోయింది.
ఆ డబ్బా మూత ఇప్పటికీ ఒకవైపు నుంచే కూర్చుంటుంది,
చిన్న చుక్క పెట్టుకున్నాను గుర్తుకి.

గుడ్డయితే తప్పు కుట్టు విప్పి
నీళ్ళు చిలకరించి ఇస్త్రీ కొడితే
సూది పోట్లు కూడా మూసుకుపోతాయి.
మట్టి అట్టా కాదు.
ఎత్తేటప్పుడు పలక ఒక మూల వంగింది.
సరిచేశాను, అరచేత్తో నిమిరాను,
కంటికి బానే ఉంది.
బట్టీలోంచి వచ్చేసరికి
అదే మూల, అంతే వంపు.
దానికి గుర్తుంటదండీ, అంది హెప్సీబా,
టైమెంతో చెప్పినంత మామూలుగా.

కప్పుకి కొలతెంత పెడదాం అని అడిగింది.
సంచీలోంచి నా కొలతల పుస్తకం తీశాను.
సంపూర్ణ సిస్టరు, పెద్దాసుపత్రి, రాత్రి డ్యూటీ.
పొడుగు పద్నాలుగు.
చేతి చుట్టు పదకొండు.
ఆకుపచ్చ జాకెట్టు,
మంగళగిరి అంచు చేతులకి మాత్రం వెయ్యమంది,
శుక్రవారం వస్తానంది.
బదిలీ అయిందంటారు ఒకరు,
కరోనా అప్పుడే అంటారు ఇంకొకరు.
ఏ శుక్రవారమో తను చెప్పలేదు గదా.

పదకొండే కోస్తే చాలదు.
ఆరితే కొంత, కాలితే కొంత
మట్టి తనలోకి తను పోతుంది.
జాకెట్టుకి లోపల అరంగుళం వదలడం తెలుసు నాకు,
ఒళ్ళొస్తే విప్పుకోవడానికి.
దీనికి అంగుళంన్నర వదలాలి,
విప్పుకోవడానికి కాదు.

పచ్చి పలక మీద ఆ జాకెట్టు చెయ్యి పరిచి
కర్ర ఒక్కసారి దొర్లించాను.
ఎత్తితే
నేత నేతంతా మట్టిలో.
నా కుట్టు కూడా.
ఒకచోట రెండు పోట్లు ఎక్కువ పడ్డాయి,
ఇన్నేళ్ళూ నేనే చూసుకోలేదు.

బట్టీ చల్లారాక టేపు పెట్టాను.
పదీ ముప్పావు.
సంపూర్ణ సిస్టరయితే
చెయ్యి పట్టేసిందే మస్తాన్‌బీ అని
మెట్ల మీదే నిలబెట్టి వాయించేది.

టీ పోశాను.
అతుకు దగ్గర చెమర్చింది.
సాసర్లో ఒక చుక్క. కాసేపటికి ఇంకోటి.
గీరింది చాల్లేదేమో.
ఇప్పుడది మిషను పక్కన
హుక్కులు పోసుకునే కప్పు.

జాకెట్టు ఉతికి
మళ్ళీ ఆ మేకుకే తగిలించాను.
అంచు జరీలో మట్టి కొంచెం ఉండిపోయింది,
ఎంత రుద్దినా రాలేదు.
వస్తే
ముందే చెప్పాలి.