పదకొండో మెట్టు

నా ఉద్యోగం గోడల్ని తట్టి వినడం.
బోలుగా పలికితే ఒక గడిలో టిక్కు,
చెమ్మగా పలికితే ఇంకో గడిలో.
ఇరవై రెండేళ్లుగా
ఈ ఊరు నాతో ఇలాగే మాట్లాడుతోంది.

మూడో వీధిలో ఇవాళ నాలుగు కట్టడాలు.

మొదటిది, ఒకప్పటి టీగ్ చెప్పుల దుకాణం.
అద్దం మీది అక్షరాలు గీకేశారు గాని
జిగురు మిగిలిన చోటల్లా దుమ్ము పట్టి
పొద్దున తొమ్మిదింటి ఎండకి
ఆ పేరు ఇంకా నేల మీద నీడగా పడుతోంది.
ఇప్పుడక్కడ కొవ్వొత్తులమ్ముతారు.
ఒక్కోదానికి ఒక్కో వాసన, ఒక్కో పేరు.
ఒకదాని పేరు ‘పాత తోలు’.
ధర చూసి నవ్వొచ్చింది.
ఆర్విల్ టీగ్ ఆ వాసన మాకు ఊరికే ఇచ్చేవాడు,
చల్లటి ఇనప కొలతబద్ద మీద మడమ పెట్టించి
“ఇంకో వేలెడు ఎదుగుతావు, పెద్దవే తీసుకో” అంటూ.
ఎదిగాను. ఆ జోళ్లే ముందు అరిగిపోయాయి.

రెండోది బ్యాంకు.
అంటే, ఖజానా తలుపు బార్లా తీసిపెట్టి
లోపల బీరు పోస్తున్నారు.
స్టీలు మిల్లు మూసిన శుక్రవారం
మా నాన్న ఇక్కడే వరసలో నిలబడ్డాడు,
టోపీ చేతిలో పట్టుకుని, గుడిలో నిలబడ్డట్టు.
ఆ వరస ఎక్కడ మొదలయ్యేదో
అక్కడ ఇప్పుడు ఒక కుర్రాడు గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు.
మంచి కుర్రాడే. నిప్పులార్పే సీసా ఎక్కడుందో వెంటనే చూపించాడు.

మూడోది ఖాళీ.
పావురాలకి నా కాగితాలు అక్కర్లేదు.

నాలుగోది,
కింద ఇల్సా మెహియా రొట్టెల అంగడి,
మేడ మీద లుడ్మిలా హ్రింకో, ఎనభై మూడేళ్లు.
పంతొమ్మిది మెట్లు. పదకొండోది లేదు.
“అది పోయి ఆరేళ్లయింది,
నా కాలికి లెక్కలొచ్చులే” అందామె, టీ పోస్తూ.
ఇంటి యజమాని ఒక కంపెనీ.
దాని చిరునామా ఎక్కడో ఎడారి ఊళ్లో ఒక తపాలా పెట్టె.
తీగలకి గుడ్డ తొడుగు, నా కంటే పాతది.
వేడి గొట్టాలు మంచుముద్దలు.
మరి చలికాలం ఎలా వెళ్తోందమ్మా అంటే
మంచం జరిపిన గుర్తులు చూపించింది నేల మీద:
కిటికీ నుంచి గోడకి, గోడ నుంచి మూలకి,
చివరికి సరిగ్గా ఇల్సా పొయ్యి మీదికి.
తెల్లవారుజామున మూడింటికి పిండి పొంగడం మొదలైతే
ఈమె మోకాళ్లు వదులవుతాయి.
ఐదింటికి చీపురు కర్రతో నేల మీద మూడు దెబ్బలు కొడుతుంది.
అవి వినబడని రోజు
ఇల్సా చేతుల పిండి కూడా కడుక్కోకుండా పైకొస్తుంది.
ఇప్పటికి రెండుసార్లు వచ్చింది.
ఒకసారి జ్వరం. ఒకసారి ఉత్త నిద్ర.

నా కాగితంలో దీనికి గడి లేదు.

రాస్తే ఈమె వీధిన పడుతుంది.
రాయకపోతే ఏ రాత్రో నిప్పు పడుతుంది.
గోడని తట్టాను, ఏం చెబుతుందోనని.
ఇటుకలు గట్టిగానే ఉన్నాయి.
అదే భయం. ఇటుకలు బాగున్న మేడని
ఎవరో ఒకరు కొంటారు,
సున్నం చెక్కేసి, ఎర్రగా చూపించి,
నెలకి ఈమె ఏడాది అద్దె అడుగుతారు.

రాశాను.
తీగలు. గొట్టాలు. మెట్టు.
గడువు ముప్పై రోజులని ఉన్న చోట తొంభై అని రాసి
సంతకం కొంచెం అడ్డంగా పెట్టాను.
ఆమె కళ్లద్దాల్లేకుండా కాగితమంతా చదివింది,
లేదా చదివినట్టు కాసేపు పట్టుకుంది.
కప్పు కడిగి బోర్లించింది.

దిగుతుంటే వెనక నుంచి కేకేసింది:
“ఇదుగో, జాగ్రత్త!
దిగేటప్పుడు అది తొమ్మిదో మెట్టు.”